పునరుద్ధరించారు సరే, ఎంతవరకు?

గాలివాన వెలిసిన మర్నాడు పేపర్లన్నింటిలో ఒకే మాట కనిపిస్తుంది: పునరుద్ధరణ. విద్యుత్ సరఫరా పునరుద్ధరణ, రాకపోకల పునరుద్ధరణ, తాగునీటి పథకం పునరుద్ధరణ. మా పేజీల్లోనూ అంతే. అధికారి ఫోన్లో చెబుతారు, మేం అచ్చేస్తాం. ఇళ్లల్లో మాత్రం ఆ మాట ఎవరూ అనరు. 'కరెంటొచ్చింది' అంటారు. ఫ్యాను తిరిగితే వచ్చినట్టు, తిరగకపోతే రానట్టు. ఇంత సూటిగా తేలిపోయే చోట ఎంత పెద్ద మాట వాడినా నష్టం లేదు. అలా తేలని చోటే తంటా.

పునః అంటే మళ్లీ. ఉద్ధరణ అంటే పైకి తీయడం. సంధ్యవార్చేటప్పుడు పంచపాత్రలోంచి నీళ్లు తీసే చిన్న చెంచాకు ఉద్ధరిణి అనే పేరు అందుకే వచ్చింది. నూతిలో పడిపోయిన చేదను పాతాళ గరిగెతో వెతికి పైకి లాగడం అసలైన పునరుద్ధరణ. అదే చేద పైకి రావాలి. కొత్త చేద కొనుక్కొస్తే దాన్ని కొనడమనే అంటారు. పల్లెల్లో ఈ మాటకు ఇంకో వాడుక కూడా ఉంది: 'నువ్వు ఉద్ధరించింది చాల్లే!' పని చెడగొట్టి గొప్పలు చెప్పుకొనేవాణ్ని అనే మాట అది. ప్రభుత్వ ప్రకటనలు చదివేటప్పుడు ఆ వెటకారం ఒక్కోసారి గుర్తుకొస్తే తప్పు మాది కాదు.

చేసిన పని ఎంతో అంతే చెప్పే మాటలు తెలుగులో బోలెడు. చిల్లుపడ్డ బిందెకు మాటు వేస్తారు. ఇత్తడి గిన్నెకు కళాయి పూస్తారు. చెరువులో పూడిక తీస్తారు, కట్టకు గండి పడితే పూడుస్తారు. ఉర్దూ నుంచి వచ్చిన మరమ్మతు, ఇంగ్లిష్ నుంచి వచ్చిన రిపేరు కూడా ఈ కోవలోవే. మాటు వేసిన బిందెను ఎవరూ కొత్త బిందె అనుకోరు, మాటు వేసినవాడూ అలా చెప్పడు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. ఇంజినీర్లు వారం తిరిగేసరికి, పారుతున్న నీళ్లలోనే స్టాప్‌లాగ్ పలకలు దించి వరదను ఆపారు. గొప్ప పని అది. అయినా దాన్ని తాత్కాలిక ఏర్పాటు అనే అన్నారు. ఆ నిజాయితీ మాకు నచ్చింది.

రైళ్ల విషయంలో అది కనిపించలేదు. కొవిడ్ లాక్‌డౌన్‌లో ఆగిన ప్యాసింజర్ బళ్లను తర్వాత 'పునరుద్ధరించారు'. బండి అదే, స్టేషన్లు అవే. కానీ పేరు ఎక్స్‌ప్రెస్ స్పెషల్ అయింది, 10 రూపాయలుండే కనీస టికెట్ 30 అయింది. ఊరి నుంచి మండలానికి పాలో కూరగాయలో తీసుకెళ్లేవాడికి తిరిగొచ్చింది సగం బండే. పాత చార్జీ 2024 ఫిబ్రవరి చివర్లో గానీ రాలేదు. 2020 మార్చిలో ఆపేసిన వృద్ధుల రాయితీ, మగవాళ్లకు 40 శాతం, ఆడవాళ్లకు 50 శాతం, ఆ 'పునరుద్ధరణ'లో లేదు. రైలు ఏ స్థితికి తిరిగొచ్చిందో ఆ మాట చెప్పదు. మేమూ అప్పట్లో అడగలేదు.

ఈ మాటకు నిజంగా తగిన పని చూడాలంటే హనుమకొండ వెళ్లాలి. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన వేయి స్తంభాల గుడి పక్కన కల్యాణ మండపం ఉంది. పునాది కుంగి, స్తంభాలు ఒరిగాయి. పురావస్తు శాఖ 2006లో దాన్ని విప్పడం మొదలుపెట్టింది. కూల్చడం వేరు, విప్పడం వేరు. ఒక్కో రాయికీ నంబరు వేసి దించారు. కాకతీయుల పద్ధతిలోనే కింద ఇసుక పునాది సిద్ధం చేశారు. విరిగి పనికిరాని రాళ్ల స్థానంలో మాత్రమే కొత్తవి చెక్కించారు, మిగతావి వాటి వాటి చోటికే వెళ్లాయి. 2024 మార్చి 8న, మహాశివరాత్రి నాడు, మండపాన్ని మళ్లీ తెరిచారు. మధ్యలో పద్దెనిమిదేళ్లు గడిచాయి. నిధులు ఆగాయి, పని ఆగింది, వరంగల్ వాళ్లు విసిగిపోయారు. ఇంత ఆలస్యాన్ని మేం సమర్థించం. కానీ నంబరు వేసిన రాయిని దాని చోటే పెట్టాలన్న పట్టుదల లేకపోతే ఏడాదిలో సిమెంటు మండపం లేచేది, దాని మీద 'పునరుద్ధరణ' అని శిలాఫలకమూ వెలిసేది.

హైదరాబాద్ కుతుబ్ షాహీ సమాధుల దగ్గర ఇంకో సంగతి బయటపడింది. 2013 నుంచి ఆగాఖాన్ ట్రస్టు అక్కడ చేసిన పనిలో పెద్ద భాగం, అంతకుముందు మరమ్మతుల పేరుతో పూసిన సిమెంటును ఒలిచి పారేయడమే. ఆ తర్వాతే డంగు సున్నం పూత. అంటే ముందు తరం చేసిన 'బాగు'ను ముందుగా తీసేయాల్సి వచ్చింది. ఊళ్లలో పాత గుళ్ల రాతి స్తంభాలకు ఎనామిల్ రంగులు, గర్భగుడి గోడలకు టైల్స్ వేసి జీర్ణోద్ధరణ అని రసీదు పుస్తకాలు కొట్టించే కమిటీలు ఈ ఒక్క సంగతి గమనిస్తే బాగుండు.

శ్రీకాళహస్తి కథ వేరు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలింది. పగుళ్లు అంతకు చాలా ముందు నుంచే కనిపిస్తున్నా చూస్తూ కూర్చున్నారు. అదే చోట కట్టిన కొత్త గోపురానికి 2017లో కుంభాభిషేకం చేశారు. అది పునర్నిర్మాణం. అందంగానే ఉంది, భక్తులకు లోటేమీ లేదు. కానీ రాయల గోపురం మాత్రం తిరిగి రాలేదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. ఒప్పుకుంటేనే పగుళ్లిచ్చిన మిగతా గోపురాల మీదికి దృష్టి వెళుతుంది. ఏది కూలినా మళ్లీ లేపేస్తామన్న ధీమా ఉన్నచోట పగులును ఎవరు పట్టించుకుంటారు?

చెరువుల విషయంలో ఈ మాటను మనం ఎక్కువగా వాడాం. తెలంగాణ ప్రభుత్వం 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలుపెట్టినప్పుడు లెక్క 46 వేలకు పైగా చెరువులు, కుంటలు. పూడిక తీశారు, కట్టలు బలపరిచారు, తూములు, మత్తళ్లు బాగుచేశారు. రైతులు ఒండ్రుమట్టిని ట్రాక్టర్లలో సొంత ఖర్చుతో పొలాలకు తోలుకున్నారు, నేల సత్తువ పెరిగింది. మంచి పని అని అప్పుడూ రాశాం, ఇప్పుడూ అంటాం. అయితే కాకతీయుల చెరువులు ఒంటరివి కావు. మీది చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరే గొలుసుకట్టు అది. మధ్యలో కాలువ ప్లాట్లుగా మారిపోయిన ఊళ్లో చెరువును ఎంత లోతు తవ్వినా నింపేది ఒక్క వానే. తూము ఎప్పుడు తీయాలో, ఎవరి మడికి ఎంత పారాలో చూసే నీరటికాడు, రాయలసీమలోనైతే నీరుగంటి, ఆ జాబితాలో ఎక్కడా లేడు. అతనికి ఊరు ఇచ్చే గింజలు ఎప్పుడో ఆగిపోయాయి. కట్ట తిరిగొచ్చింది, కానీ దాన్ని కాపాడే ఏర్పాటు తిరిగి రాలేదు. నాలుగేళ్లకు తుమ్మ చెట్లు మళ్లీ కట్టెక్కితే కాంట్రాక్టర్‌ను తిట్టుకుంటాం.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. స్తంభాలు నిలబెట్టి, తీగలు లాగి కరెంటు తెచ్చారు. రాత్రింబవళ్లు పనిచేసిన లైన్‌మన్లకు అప్పుడు చేతులెత్తి మొక్కాలనిపించింది. కానీ దేశవాళీ కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఆరేడేళ్లు పడుతుంది. నిండుగా కాయడానికి ఇంకొన్నేళ్లు. చెట్టు పడిపోయిన రైతు ఈలోపు హైదరాబాదో చెన్నయ్యో వెళ్లి వాచ్‌మన్‌గానో మేస్త్రీ దగ్గరో చేరితే, 'జిల్లాలో సాధారణ పరిస్థితుల పునరుద్ధరణ' అన్న శీర్షికలో అతను ఎక్కడున్నట్టు?

అందుకే ప్రభుత్వాల నుంచి మేం కోరేది చిన్నదే. పునరుద్ధరణ పేరుతో పెట్టే ప్రతి బోర్డు మీదా ఖర్చు, కాంట్రాక్టర్ పేరు, ప్రారంభించిన మంత్రి పేరు ఎలాగూ ఉంటాయి. మునుపు అది ఎలా ఉండేదో, అందులో ఏం తిరిగొచ్చిందో, ఏం రాలేదో మూడు వరుసల్లో రాయాలి. రాయలేకపోతే మరమ్మతు అనాలి, మరమ్మతు చేయడం నామోషీ కాదు. మా విలేకరులకూ ఈ వారం చెప్పేశాం: 'పునరుద్ధరణ' అని వార్త పంపితే అంతకుముందు అది ఎలా ఉండేదో కూడా రాయాలి, లేకపోతే ఆ కాపీ డెస్కు దాటదు.