'భారీ' అన్నది ఎవరు?

పాత తెలుగు దినపత్రికల ఫైళ్లు తిరగేస్తుంటే 'భారీ' అనే మాట తగలని పేజీ అరుదు. భారీ వర్షం, భారీ మెజారిటీ, భారీ బందోబస్తు, భారీ చోరీ, భారీ తారాగణం. హెడ్డింగ్‌లో పట్టే రెండక్షరాల మాట కాబట్టి సబ్ ఎడిటర్లకు మహా సదుపాయం.

కొన్నిచోట్ల దీనికి కచ్చితమైన కొలత ఉంది. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు కురిస్తే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 నుంచి అత్యంత భారీ. సాగునీటి శాఖలో 10,000 హెక్టార్లకు మించిన ఆయకట్టు ఉంటేనే భారీ ప్రాజెక్టు. ఆ లోపువి మధ్యతరహా, చిన్నతరహా. అయితే ఊళ్లో రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు నిలిస్తే, వర్షమాపకం ఏం చెప్పినా మర్నాటి పేపర్లో అది భారీ వర్షమే.

మెజారిటీ సంగతి ఇంకా విచిత్రం. 1991 నంద్యాల ఉప ఎన్నికలో పీవీ నరసింహారావు 5 లక్షలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. తెలుగుదేశం అక్కడ అభ్యర్థినే నిలపలేదు. దాన్ని భారీ మెజారిటీ అన్నాం, సరే. అసెంబ్లీ సీటులో పాతిక వేల తేడాకూ అదే మాట వాడాం. అంకె పక్కనే ఉంటే పాఠకుడు సర్దుకుంటాడు, పెద్ద నష్టం లేదు.

అసలు చిక్కు అంకె లేని వార్తలతోనే. 'సభకు జనం భారీగా తరలివచ్చారు' అన్నది చాలాసార్లు సభ పెట్టిన పార్టీ మాట. 'భారీగా ఆయుధాలు స్వాధీనం' అన్నది పోలీసుల మాట. విలేకరి లెక్కపెట్టలేదు, కానీ వార్త ఆయన చూసి చెప్పినట్టే ఉంటుంది. 'పోలీసులు తెలిపారు' అన్న రెండు ముక్కలు చివరి వాక్యంలో ఎక్కడో ఉంటాయి, అదీ జాగా మిగిలితే. విశేషణాలు ఎక్కువైపోయాయని విమర్శించేవాళ్లు భాష గురించే మాట్లాడతారు. నాకైతే అవి ఎవరి నోటి నుంచి వచ్చాయన్నదే ముఖ్యం.

1980ల చివర జిల్లా పేజీలు వచ్చాక ఈ మాట మండలాలకూ దిగింది. రెండు బీరువాలు పగలగొడితే భారీ చోరీ. పోయిన బంగారం ఎంతో బాధితులే చెప్పాలి, అదే అచ్చయ్యేది.

వరద వార్తలు మాత్రం చాలావరకు ఈ రోగం నుంచి తప్పించుకున్నాయి. భద్రాచలంలో గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులకు వెళ్లింది. ఆ అంకె వేశాక హెడ్డింగ్‌లో 'భారీ' ఉన్నా లేకపోయినా భద్రాచలం వాసికి ఒకటే.