ఐదున్నర కిలోల ఉద్యోగి బదిలీ ఫైలు

నీటిపారుదల శాఖలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి, సూపరింటెండెంటుగా వందలాది బదిలీ ఫైళ్లు నడిపిన అనుభవంతో చెబుతున్నాను: ఒక మనిషిని ఆదిలాబాదు నుంచి అచ్చంపేటకు పంపడం కంటే, ఒక జాక్ రసెల్ టెర్రియర్ జాతి కుక్కను నిజాంపేటలోని మా నాలుగో అంతస్తు నుంచి ఇంకో గడపకు పంపడం కష్టం. మనిషి విషయంలో అవతలి కార్యాలయానికి వద్దనే హక్కు ఉండదు. కుక్క విషయంలో ఆ హక్కు అందరికీ ఉంది, అందరూ దాన్ని వినియోగించుకున్నారు కూడా.

చిట్టి అనే ఈ కుక్క మా ఇంటికి నియమితమైన తీరులోనే లోపముంది. మా అబ్బాయి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన ఏడాది, ఫోనులో అరచేయంత బొమ్మ చూసి ముచ్చటపడి, మా అనుమతి లేకుండానే దాన్ని తెచ్చాడు. రెండేళ్లు తిరిగేసరికి ఎం.ఎస్. చదువుకని డల్లాస్ వెళ్లాడు. చార్జి అప్పగింత రాతపూర్వకంగా జరగలేదు. విమానాశ్రయంలో "నాన్నా, చిట్టి జాగ్రత్త" అన్న నాలుగు మాటలే మాకందిన ఉత్తర్వు. (మూడే మాటలని మా ఆవిడ సరిదిద్దింది.) దాన్ని వెంట తీసుకువెళ్లరాదా అని అడిగాను. 2024 ఆగస్టు నుంచి, మన దేశం లాగా రేబిస్ ఎక్కువగా ఉన్న దేశాల కుక్కలకు మైక్రోచిప్పు, టీకా పత్రాలు, రక్తపరీక్ష, దిగాల్సిన విమానాశ్రయం అన్నీ నియమం ప్రకారం ఉండాలట. అబ్బాయికి కాన్సులేటులో మూడు నిమిషాల ఇంటర్వ్యూతో పని అయిపోయింది. ఇద్దరిలో ఎవరి వల్ల ఎక్కువ ప్రమాదమని అమెరికా భావిస్తున్నదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఉద్యోగి మీద చర్య తీసుకునే ముందు సర్వీసు రిజిస్టరు చూడటం మా శాఖ సంప్రదాయం కనుక, చిట్టి వంశచరిత్ర తిరగేశాను. ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో జాన్ రసెల్ (1795–1883) అనే మతాచార్యుడు ఉండేవాడు. ప్రార్థన మీద ఉన్నంత శ్రద్ధ ఆయనకు నక్కల వేట మీదా ఉండేది. ఆక్స్‌ఫర్డులో చదువుకునే రోజుల్లో ఒక పాలవాడి దగ్గర ట్రంప్ అనే ఆడకుక్కను కొన్నాడు. ఈ జాతి కథ అక్కడ మొదలవుతుంది. వీటి ఉద్యోగ బాధ్యత ఏమిటంటే, వేటకుక్కలకు భయపడి బొరియలో దూరిన నక్క వెనకాలే తామూ దూరి, దాన్ని చంపకుండా, పైన గుర్రాల మీద ఉన్న పెద్దమనుషులకు వినబడేలా మొరిగి మొరిగి బయటికి తరమడం. భూమి లోపలి నుంచి పైకి వినబడాలని ఏర్పడిన గొంతు అది. మా ఫ్లాటులో గోడలు నాలుగంగుళాలవి.

ఆ పనికి సరిపడా కొలతలు కూడా నిర్ణయించారు. ఎత్తు ఇరవై అయిదు, ముప్ఫై సెంటీమీటర్ల మధ్య. ఛాతీ మనిషి రెండు చేతుల మధ్య ఇమడాలి, ఎందుకంటే నక్క పట్టే సందులో కుక్కా పట్టాలి. అదే ఛాతీ మా ఇనుప బీరువా వెనక సందులోనూ సరిగ్గా పడుతుంది. టెర్రియర్ అన్న మాటకు మూలం నేల అని అర్థమిచ్చే లాటిన్ పదం. పేరులోనే నేల ఉన్న ప్రాణికి మేము కేటాయించిన నేల పదకొండు వందల యాభై చదరపు అడుగుల విట్రిఫైడ్ టైల్సు. టైల్సు తవ్వడం సాధ్యం కాదని తేలాక అది సోఫా తవ్వింది, సోఫాలో స్పాంజి అయిపోయాక తులసికోట తవ్వింది.

ఇక అభియోగాల విషయం. తెల్లవారుజామున అయిదింటికి పాలబ్బాయి మీద, ఏడింటికి కుక్కరు ఈల మీద, రోజంతా లిఫ్టు తలుపు చప్పుడు మీద మొరగడం మొదటి అభియోగం. నా మోకాళ్లకు డాక్టరు నాలుగు వేల అడుగులు మంజూరు చేస్తే, రోజుకు కనీసం గంటసేపు పరుగు కావాలని నిత్యం విన్నవించుకోవడం రెండోది; నేను పార్కు చుట్టూ ఒక చుట్టు తిరిగే లోపల అది నా చుట్టూ పదకొండు తిరిగేది. మూడోదీ, అతి తీవ్రమైనదీ ఏమిటంటే, ఒక ఆదివారం తాడు తెంపుకుని సెల్లారులోకి పోయి, అపార్టుమెంటు సంఘం కార్యదర్శి గారి కారు కింద దూరి, రెండు గంటలు బానెట్టు వైపు చూస్తూ మొరగడం.

కార్యదర్శి గారు దీన్ని వ్యక్తిగత అవమానంగా భావించి నోటీసు పంపారు. 2015లోనే భారత జంతు సంక్షేమ మండలి, కుక్క మొరుగుతుందన్న కారణంతో పెంపకాన్ని నిషేధించే అధికారం నివాస సంఘాలకు లేదని, లిఫ్టు వాడకాన్ని కూడా నిరాకరించరాదని సర్క్యులరు ఇచ్చిన సంగతి ఉటంకిస్తూ నేను జవాబు రాశాను. ఆయన కూడా విశ్రాంత ఉద్యోగే కాబట్టి మా మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు రెండు నెలలు ఆరోగ్యకరంగా సాగాయి. ఆ కాలమంతా కుక్క మీద ఇద్దరిలో ఎవరికీ ధ్యాస లేదు.

ఔటరు రింగు రోడ్డు దాటించి వదిలెయ్యమని సలహా ఇచ్చినవాళ్లు నలుగురు. స్వర్గద్వారం దగ్గర కూడా కుక్కను వదలనన్న ధర్మరాజు ప్రవచనాలకు వెళ్లి కళ్లు తుడుచుకునేవాళ్లే వీళ్లు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం జంతువును ఆకలిదప్పులకు వదిలెయ్యడం నేరమని వాళ్లకు చెప్పాను. జరిమానా ఎంత అన్నారు. మొదటి నేరానికి పది రూపాయలకు తక్కువ కాకుండా యాభై రూపాయల దాకా అని చెప్పక తప్పలేదు. మా సెల్లారులో పొరుగువాడి చోట బండి పెడితే అయిదు వందలు. ఈ లెక్క చెప్పాక నా వాదన బలహీనపడినట్టు వాళ్ల ముఖాల్లో కనబడింది.

కాబట్టి ప్రకటన ఒక్కటే మార్గమైంది. వదిలించుకోవాలనుకున్న ఉద్యోగికి వార్షిక రహస్య నివేదిక అద్భుతంగా రాయాలన్నది ప్రభుత్వ కార్యాలయాల్లో పెద్దలు నేర్పిన రహస్యం. లోపాలు రాస్తే ఎవరూ తీసుకోరు, జీవితాంతం మన సీటు పక్కనే ఉంటాడు. మా బావమరిది ఆ పద్ధతిలోనే ముసాయిదా రాశాడు: "చురుకైనది, ప్రేమగలది, పిల్లలతో కలిసిపోతుంది, ఫ్లాటుకు అనుకూలం." ప్రకటనల భాషలో చురుకైనది అంటే సోఫా పోయిందని, ప్రేమగలది అంటే రాత్రి పక్కమీదే పడుకుంటుందని అర్థం. బ్యాంకులో పనిచేసే ఒక జంట నమ్మి తీసుకువెళ్లారు. మూడో రోజు సాయంత్రం చిట్టితో పాటు చిరిగిన కర్టెను కూడా సాక్ష్యంగా తెచ్చి అప్పగించారు. కొత్త ఇంటికి వెళ్లిన కుక్క మూడు రోజులు బెదురుతుంది, మూడు వారాలకు అలవాటు పడుతుంది, మూడు నెలలకు సొంతమనుకుంటుంది అని పెంపకందారులు చెప్పే మాట వాళ్లకు వివరించబోయాను. బెదిరింది కుక్క కాదండీ అన్నారు.

రెండో ప్రకటన నేనే రాశాను. నిజం రాశాను. తవ్వుతుంది, మొరుగుతుంది, సందు కనబడితే దూరుతుంది, కదిలేదాన్ని తరుముతుంది, అలసిపోదు, ఇంకా పది పన్నెండేళ్లు ఇలాగే ఉండే అవకాశముంది. టీకాల పుస్తకం సిద్ధం, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స అయింది, ఇల్లు చూడకుండా ఇవ్వబడదు. అయిదు ఫోన్లు వచ్చాయి. ఒకాయన పిల్లలు పుట్టించడానికి అడిగి, శస్త్రచికిత్స మాట గుర్తుచేయగానే పెట్టేశాడు. ఇంకొకరు ఫారంహౌసులో గొలుసుకు కట్టి కాపలాకు ఉంచుతామన్నారు, నేనే పెట్టేశాను. ఒకావిడకు శనిదోష నివారణకు నల్లకుక్క కావలసి ఉంది. చిట్టి తెల్లనిదని, చెవి దగ్గర గోధుమరంగు మచ్చ ఉందని చెబితే, ఆ మచ్చను నలుపుగా పరిగణించవచ్చునేమో పంతులుగారిని అడిగి చెబుతానంది. నాలుగో ఆయనకు ఫోను పొరపాటున కలిసింది.

అయిదో ఫోను మిర్యాలగూడ నుంచి, బియ్యం మిల్లు నడిపే ఒకాయన చేసింది. ప్రకటనలో నేను అభియోగాలుగా రాసినవన్నీ ఆయన అర్హతలుగా చదివాడు. "సార్, కలుగుల దూరుతదా? నిజంగనే తవ్వుతదా? మా గోదాంల పందికొక్కులు బస్తాలను బతకనిస్తలేవు" అన్నాడు. నా ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో ఉద్యోగ ఖాళీకి అభ్యర్థి ఇంత సరిగ్గా సరిపోవడం చూడలేదు. మా అబ్బాయి మెకానికల్ ఇంజనీరింగు చదివి సాఫ్ట్‌వేరులో చేరినవాడు. చదువుకు తగిన పోస్టింగు మా ఇంట్లో తొలిసారి చిట్టికే వచ్చింది.

అయినా షరతులు పెట్టాను. మిల్లులో ఎలుకల మందు వాడరాదు, ఎందుకంటే మందు తిన్న ఎలుకను తిన్నా కుక్కకు ముప్పే. ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్‌కు టీకా ఏటా వేయించాలి. నల్లగొండ ఎండల్లో మధ్యాహ్నం డ్యూటీ ఉండరాదు, రాత్రి పడక ఇంట్లోనే. స్వయంగా వెళ్లి మిల్లు, ఇల్లు, ఆయన కూతుళ్లిద్దరినీ చూసి, పదిహేను రోజుల ప్రొబేషను మీద రిలీవు చేశాను. టీకాల పుస్తకం, గిన్నె, బంతి, మా అబ్బాయి పాత టీషర్టు ఒకటి ఇచ్చి, ఈసారి రాతపూర్వకంగా సంతకం తీసుకున్నాను. సంతకం చేసేటప్పుడు కళ్లద్దాలు మసకబారితే, ఊక దుమ్మని చెప్పాను.

అప్పటి నుంచి ప్రతి ఉదయం మా ఆవిడ ఫోనుకు వరుసగా పేర్చిన పందికొక్కుల ఫొటో వస్తుంది, పక్కనే మట్టి కొట్టుకుపోయిన ముఖంతో చిట్టి. అబ్బాయి స్నాతకోత్సవం ఫొటో చూపించినట్టే ఆమె దాన్ని మా అంతస్తులో అందరికీ చూపిస్తోంది.

కిందటి వారం కార్యదర్శి గారు నోటీసు లేకుండా మా ఇంటికి వచ్చారు. ఆయన కారు కదలడం లేదని మెకానిక్కును పిలిస్తే, బానెట్టు కింద ఎలుకలు కాపురం పెట్టి వైర్లన్నీ కొరికేశాయని తేలిందట. సెల్లారులో ఇంకా మూడు కార్లదీ అదే పరిస్థితి. చిట్టిని శని ఆదివారాలు డెప్యుటేషను మీద పిలిపించగలరా అని అడిగారు. అర్జీని సంఘం లెటరుహెడ్డు మీద, మూడు ప్రతుల్లో, నా ద్వారా మిర్యాలగూడకు పంపుకోవలసిందిగా సూచించాను.