డాక్టర్ని మార్చే ముందు ఒక కాగితం రాసుకోండి

డిప్రెషన్ మాత్ర పనిచేయట్లేదనిపిస్తే మన హైదరాబాద్‌లో జనం చేసే మొదటి పని డాక్టర్ని మార్చడం. కూకట్‌పల్లిలో ఒకరు, అక్కడ తగ్గలేదని అమీర్‌పేటలో ఇంకొకరు, ఎవరో చెప్పారని బంజారాహిల్స్‌లో మరొకరు. పాత చీటీలు ఇంట్లో ఏ కవర్లోనో ఉండిపోతాయి. "ఏదో తెల్ల మాత్ర ఇచ్చారండీ, కొన్నాళ్ళు వేసుకున్నా" అంటే కొత్త డాక్టర్ మాత్రం ఏం చేస్తారు? మళ్ళీ మామూలుగా మొదట ఇచ్చే డిప్రెషన్ మాత్ర ఎస్సిటలోప్రామ్ 10 మి.గ్రా. దగ్గరే మొదలుపెడతారు. ఏడాది ఇలాగే పోతుంది. చివరికి ఆ మనిషి "నాకు ఏ మందూ పడదు" అని తేల్చేసుకుంటాడు. కడుపు మండేది ఇక్కడే. చాలాసార్లు ఆయన ఒక్క మందు కూడా పూర్తిగా వాడి ఉండడు.

పూర్తిగా వాడటమంటే సరిపడా మోతాదులో, రోజూ తప్పకుండా, కనీసం నాలుగు నుంచి ఆరు వారాలు. వికారం, తలనొప్పి, గాభరా మొదటి వారంలోనే వచ్చేస్తాయి, గుణం మాత్రం తర్వాతెప్పుడో మొదలవుతుంది. అందుకే పదో రోజుకే ఆపేసేవాళ్ళు అంతమంది. మోతాదు సంగతీ అంతే. ఎస్సిటలోప్రామ్ 20 దాకా, సెర్ట్రలిన్ 50 నుంచి 200 దాకా పెంచే వీలుంది. మొదటి మెట్టు మీద నిలబడి మందుదే తప్పంటే ఎలా?

ఇంకోటి. మీ స్ట్రిప్ వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదవండి. ఎస్సిటలోప్రామ్ 10, దాని కింద క్లోనజిపామ్ 0.5 అని ఉందా? డిప్రెషన్ మందు, గాభరా తగ్గించి నిద్ర పట్టించే మందు, రెండూ కలిపిన మాత్ర అది. వేసుకున్న రాత్రే నిద్ర పట్టిందంటే ఆ పుణ్యం క్లోనజిపామ్‌ది. డిప్రెషన్ మందు పని ఇంకా మొదలే కాలేదు. మోతాదు పెంచుదామంటే రెండూ కలిసి పెరుగుతాయి. నెలల తరబడి వేసుకుంటే క్లోనజిపామ్ అలవాటైపోతుంది. హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు, కాబట్టి మెల్లగా తగ్గించాల్సిందే. ఈ కాంబినేషన్‌ని చీటీ కూడా అడక్కుండా నెలల కొద్దీ ఇచ్చే మెడికల్ షాపుల మీద నాకు చాలా కోపం.

అందుకే ఒక కాగితం తీసుకోండి. మందు పేరు (బ్రాండ్ కాదు, లోపలి మందు), ఎన్ని మి.గ్రా., ఏ తారీఖు నుంచి ఏ తారీఖు దాకా, ఎందుకు ఆపారు. ఈ చివరి మాటే అన్నిటికంటే ముఖ్యం. "గుణం లేదు" వేరు, "వికారంతో ఆపేశా" వేరు, "డబ్బుల్లేక ఆపేశా" పూర్తిగా వేరు. పక్కనే పీహెచ్‌క్యూ-9 (డిప్రెషన్ ఎంతుందో కొలిచే ప్రశ్నల పట్టీ) స్కోరు రెండు వారాలకోసారి రాయండి. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. స్కోరు సగానికి తగ్గితే మందు పనిచేస్తున్నట్టు, 5 కంటే తగ్గితే దాదాపు తేరుకున్నట్టు.

నిజంగానే పూర్తిగా వాడినా తగ్గకపోతే అది వింతేమీ కాదు. అమెరికాలో దాదాపు 4,000 మంది మీద చేసి 2006లో ఫలితాలు ప్రకటించిన స్టార్-డి అధ్యయనంలో, మొదటి మందుతో పూర్తిగా తేరుకున్నది సుమారు మూడోవంతే. అయితే మందు మార్చేలోపు టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), విటమిన్ బీ12, హిమోగ్లోబిన్ చూపించుకోండి. తాగుడు, గట్టి గురక, స్టెరాయిడ్ మాత్రలు ఉంటే దాచకండి. ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర లేకపోయినా హుషారుగా ఉండి, ఎడాపెడా ఖర్చుపెట్టిన రోజులున్నాయా? అది బైపోలార్ (అతి హుషారు, డిప్రెషన్ మారిమారి వచ్చే జబ్బు) కావచ్చు. అందులో డిప్రెషన్ మాత్ర ఒక్కటే ఇస్తే మేలు చేయకపోగా బెడిసికొట్టొచ్చు.

ఆ తర్వాత సాధారణంగా లెక్క ఇది: గుణం అసలే లేకపోతే మందు మార్పు, సగం తగ్గి ఆగిపోతే ఉన్నదానికి ఇంకోటి జోడింపు. మార్చేటప్పుడు వెన్లఫాక్సిన్ 75తో మొదలై 225 దాకా వెళ్తుంది, బీపీ చూస్తూ ఉండాలి. నిద్ర, ఆకలి లేనివాళ్ళకి రాత్రిపూట మిర్టజపిన్ 15 బాగా కుదురుతుంది, బరువు మాత్రం పెరగొచ్చు. లైంగిక ఇబ్బందులతో విసిగినవాళ్ళకి బుప్రోపియాన్ ఒక దారి, ఫిట్స్ వచ్చినవాళ్ళకి మాత్రం వద్దు. జోడించేవాటిలో అరిపిప్రజోల్ 2 నుంచి 5 మి.గ్రా.తో మొదలవుతుంది. కాళ్ళు నిలవనివ్వనంత అలజడి వస్తే వెంటనే చెప్పాలి. లిథియం పాతదే అయినా గట్టి మందు. రక్తంలో దాని స్థాయి, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు తప్పవు, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఆ స్థాయిని పెంచేస్తాయి. వీటితోపాటు సైకాలజిస్టు దగ్గర సీబీటీ (ఆలోచనల తీరు మార్చుకునే మాటల చికిత్స) కూడా మొదలుపెట్టడం మంచిది. మాత్రలు అయిపోయాక చూద్దాంలే అని పక్కన పెట్టేది కాదది.

మీ అంతట మీరు మాత్రం మార్చొద్దు. వెన్లఫాక్సిన్, పరాక్సిటిన్ ఒక్కసారిగా ఆపితే రెండు మూడు రోజుల్లోనే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టుండటం మొదలవుతుంది. దాన్ని చూసి జబ్బు తిరగబెట్టిందనుకుంటారు. నడుం నొప్పికి ట్రమడాల్ రాస్తే, డిప్రెషన్ మాత్ర వాడుతున్నానని ఆ డాక్టర్‌కి చెప్పండి. రెండూ కలిసినప్పుడు వణుకు, చెమటలు, జ్వరం, కండరాలు బిగుసుకోవడం కనిపిస్తే నేరుగా ఎమర్జెన్సీకే వెళ్ళాలి.

మందులు రెండు మూడు విఫలమైతే ఆర్‌టీఎమ్‌ఎస్ (తల బయటినుంచి అయస్కాంతంతో మెదడుని ప్రేరేపించే చికిత్స), ఈసీటీ (కరెంటు షాక్ చికిత్స) ఉన్నాయి. కరెంటు షాకంటే సినిమాల్లో చూసిందే గుర్తొస్తుంది జనానికి. మత్తు, కండరాల సడలింపు మందు లేకుండా ఈసీటీ ఇవ్వడాన్ని 2017 మానసిక ఆరోగ్య చట్టం నిషేధించింది. తిండీ నీళ్ళూ మానేసిన మనిషికి దానంత వేగంగా పనిచేసేది అరుదు. ఎర్రగడ్డ పేరుని తిట్టుగా వాడే ఊరు మనది. కానీ అక్కడున్నది సైకియాట్రిస్టులున్న ప్రభుత్వ మానసిక ఆసుపత్రి, మెట్రో స్టేషన్ కూడా ఉంది. జేబు ఖాళీ అయ్యేదాకా ప్రైవేటులో తిరిగి తర్వాత వెళ్ళేకంటే ముందే వెళ్ళండి.

25 ఏళ్ళలోపు వాళ్ళకి మందు మొదలుపెట్టిన, మోతాదు మార్చిన తొలి వారాల్లో చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చు. ఇంట్లోవాళ్ళు ఆ రోజుల్లో ఒంటరిగా వదలకండి, మాత్రలు మీ దగ్గర పెట్టుకుని ఏ రోజువి ఆ రోజు ఇవ్వండి. అలాంటి మాట నోటివెంట వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అర్ధరాత్రి ఎవరితో మాట్లాడాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.