విశ్రాంతి వల్లే ఓడిపోయారా?
అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ ప్లేఆఫ్స్‌లో మొదటి రౌండ్ (వైల్డ్ కార్డ్) ఆడకుండా నేరుగా రెండో రౌండైన డివిజన్ సిరీస్‌కి వెళ్లే జట్లు ఆ ఐదు రోజుల ఖాళీ వల్లే లయ తప్పి ఓడిపోతున్నాయని మీ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. ఈ వాదనకి అందరూ చూపించేది 2023నే. 104 గెలుపుల బ్రేవ్స్, 101 గెలుపుల ఓరియోల్స్, 100 గెలుపుల డాడ్జర్స్, ముగ్గురూ అక్కడే ఇంటికి పోయారు, నిజమే. కానీ డాడ్జర్స్ ఓటమికి కారణం పిచింగ్, అంటే బంతులు విసరడం. మ్యాచ్‌కి తొమ్మిది ఇన్నింగ్స్ ఉంటే, మూడు మ్యాచ్‌లలో వాళ్ల స్టార్టర్లు (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లు) ముగ్గురూ కలిసి ఐదు ఇన్నింగ్స్ కూడా వేయలేదు. వాళ్లలో ఒకడైన కెర్షా ఒకే ఒక్క ఔట్ తీసి ఆరు పరుగులిచ్చాడు. ఆ తర్వాత నవంబర్‌లో ఆయన భుజానికి ఆపరేషన్ అయింది. ఇక ఓరియోల్స్‌ని ఓడించింది టెక్సస్ జట్టు రేంజర్స్. డాలస్‌లో ఉంటాం కాబట్టి వాళ్ల మ్యాచ్‌లు మా ఇంట్లో ఒక్కటీ వదల్లేదు. ఓరియోల్స్ సొంతూరు బాల్టిమోర్‌లో రెండో మ్యాచ్ రేంజర్స్ 11-8తో గెలిచారు. ఖాళీగా కూర్చుని బ్యాట్లు మొద్దుబారితే ఓరియోల్స్‌కి ఆ 8 పరుగులు ఎలా వచ్చాయి? వాళ్ల పిచర్లు 11 వాక్‌లు ఇచ్చారు (నాలుగు చెడ్డ బంతులు పడితే బ్యాటర్ ఉచితంగా మొదటి బేస్‌కి వెళ్లడం), అందులో రేంజర్స్ బ్యాటర్ సీగర్ ఒక్కడికే ఐదు. ఓడింది అందుకు. పైగా 2022లో ఆస్ట్రోస్, 2024లో డాడ్జర్స్ అదే విశ్రాంతి తీసుకుని చివరిదాకా వెళ్లి కప్పు కొట్టారు కదా. నా దృష్టిలో అసలు లోపం ఐదు మ్యాచ్‌ల సిరీస్‌లో ఉంది. 162 మ్యాచ్‌లు కష్టపడి తెచ్చుకున్న ఆధిక్యం మూడు చెడ్డ రాత్రుల్లో పోకూడదు. డివిజన్ సిరీస్‌ని ఏడు మ్యాచ్‌లు చేయాలి. వైల్డ్ కార్డ్ మూడు మ్యాచ్‌లూ మెరుగైన సీడ్ (ర్యాంకు) ఉన్న జట్టు సొంత మైదానంలోనే పెట్టడం మాత్రం చాలా న్యాయమైన పద్ధతి, దాన్ని కదపొద్దు.