మస్కట్ మునకా, మన్నార్ మునకా?

మా అమ్మాయి ఎస్వీ యూనివర్సిటీలో జువాలజీ ఎమ్మెస్సీ చదువుతోంది. పరీక్షలవగానే స్కూబా డైవింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. మా తమ్ముడు ఏండ్ల తరబడి మస్కట్‌లో ఉండి వచ్చాడు. డైవింగ్ సిలిండర్లకు గాలి పట్టే కంప్రెసర్లు బాగుచేయడం వాడి పని. నేర్చుకోవడం గురించి ఇద్దరికీ తగాదా లేదు, ఎక్కడ అన్నదాని మీదే. తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటి మిద్దె మీద ఇద్దరూ వాదులాడుకున్నది రాస్తున్నాను. బ్రాకెట్లలో ఉన్నవి నా మాటలు.

మేనకోడలు: మే నెలాఖరుకు పరీక్షలైపోతాయి మామా. మరుసటి రోజే రామేశ్వరం రైలెక్కుతా. పాస్‌పోర్టు వద్దు, వీసా వద్దు. తూత్తుకుడి నుంచి రామేశ్వరం దాకా మన్నార్ సింధుశాఖలో 21 దీవులు, వాటి చుట్టూ వందకు పైగా పగడ జాతులు. 1986లో మెరైన్ నేషనల్ పార్కు, 1989లో బయోస్ఫియర్ రిజర్వు అయ్యాయి. జువాలజీ చదివేదాన్ని, ఇది వదిలేసి ఒమన్ పోవాలా?

మామ: ఆ 21లో రెండు మునిగిపోయాయని మీ సార్లు చెప్పలేదా?

మేనకోడలు: చెప్పారు. సున్నం కోసం ఏండ్ల పాటు పగడపు రాయి తవ్వుకుపోయారు. 2001లో పగడాలను వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మిగిలినవైనా చూడాలని నా ఆరాటం.

మామ: చూద్దువుగాని. మే నెలాఖరు అన్నావు. అప్పటికే అక్కడ నైరుతి గాలి మొదలవుతుంది, సెప్టెంబరు దాకా తగ్గదు. తక్కువ లోతు సముద్రం, గాలి తగిలితే అడుగున ఉన్న ఇసుకంతా పైకి లేస్తుంది. ఆ తర్వాత డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. నీళ్లు తేరుకుని మనిషి దిగడానికి బాగుండేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. అప్పుడేమో నీకు క్లాసులు, ప్రాక్టికల్సు.

మేనకోడలు: రామేశ్వరానికి రెండు పక్కలా సముద్రమే కదా. దక్షిణాన మన్నార్ వైపు అలలు లేస్తే ఉత్తరాన పాక్ బే వైపు నెమ్మదిగా ఉంటుంది. గాలిని బట్టి పక్క మార్చుకోవడమే.

మామ: నెమ్మదిగా ఉంటుంది, కాదనను. కానీ అలలు లేనంత మాత్రాన నీళ్లు తేటగా ఉండవు. పాక్ బే అడుగున బురద. మొదటిసారి దిగేవాళ్లకు ముందున్న మనిషి సరిగ్గా కనబడకపోతేనే టెన్షన్. టెన్షన్ వస్తే గబగబా గాలి పీలుస్తారు, సిలిండరు సగం సేపట్లోనే ఖాళీ.

(సిలిండర్ల మాటకొస్తే వాడిని ఆపలేం. అందులో ఉండేది ఆక్సిజన్ కాదు, మనం పీల్చే మామూలు గాలేనని ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతాడు. 12 లీటర్ల సిలిండర్లో 200 బార్ ఒత్తిడితో కుదించి పెడితే 2,400 లీటర్ల గాలి. 10 మీటర్ల లోతులో పీలిస్తే పైన వచ్చినదానికి సగం సేపే వస్తుంది, 20 మీటర్లలో మూడోవంతు.)

మేనకోడలు: మరి నీ మస్కట్‌లో మే నెలలో ఏముంది, ఎండ తప్ప?

మామ: ఎండ ఒడ్డున. నీళ్లలో నీకేం ఎండ? మస్కట్ పక్కనే బందర్ ఖైరాన్ అని ఉంది, కొండల మధ్యకు సముద్రం చొచ్చుకొచ్చిన చోటు. లోపలి మూలల్లో అలే ఉండదు, కొత్తవాళ్లను అక్కడే దింపుతారు. అల్ మునస్సిర్ అని ఒమన్ నౌకాదళం ఓడ, 84 మీటర్ల పొడవు. దాన్ని 2003లో కావాలనే అక్కడ ముంచారు, చేపలు చేరతాయని. దాని అడుగు 30 మీటర్లలో ఉంది, పై భాగం కొత్తవాళ్లకు కూడా అందేంత లోతులోనే. ఇంకా దేమానియాత్ దీవులున్నాయి, తొమ్మిది. 1996 నుంచి అవి రిజర్వు. నీకు తాబేళ్లు కావాలంటే హాక్స్‌బిల్ తాబేళ్లు గుడ్లు పెట్టేది అక్కడే.

మేనకోడలు: అక్కడే! మే నుంచి అక్టోబరు దాకా ఆ దీవుల మీద కాలు పెట్టనివ్వరు, గుడ్లు పెట్టే కాలమని. ఆ మాట మింగేశావు.

మామ: దీవి ఎక్కడానికి పోతున్నావా, నీళ్లలో దిగడానికి పోతున్నావా? పడవలోనే ఉండి పర్మిట్‌తో డైవ్ చేయొచ్చు.

మేనకోడలు: సరే, నీళ్ల సంగతే మాట్లాడదాం. వేసవిలో ఒమన్ తీరంలో అడుగు నుంచి చల్లటి నీళ్లు పైకొస్తాయి. పైన 30 డిగ్రీలు, కొన్ని మీటర్లు దిగేసరికి ఒక్కసారిగా చలి. ఆ చల్లటి నీళ్లతో పోషకాలు, వాటితో ప్లాంక్టన్ అనే సూక్ష్మజీవులు, నీళ్లంతా పచ్చబారిపోతాయి. మన్నార్‌లో తేట లేదని ఇంతసేపు నన్ను ఏడిపించావే?

మామ: ఆ ప్లాంక్టన్ కోసమే కదా వేల్ షార్కులు వచ్చేది! అంత పెద్ద చేప తినేది ఆ నలుసుల్నే. నీళ్లు అద్దంలా ఉన్న రోజున అదెందుకొస్తుంది? డైవింగ్ వాళ్లు తేట కావాలంటారు, చేపలూ కావాలంటారు. రెండూ ఒకేరోజు అడగరాదు.

(ఈ మాట దగ్గర నేను తమ్ముడి పక్షం. పిల్ల కూడా కాసేపు మాట్లాడలేదు.)

మేనకోడలు: 2007 జూన్‌లో గోను తుపాను ఆ తీరంలో పగడాలను విరిచేసింది. 2008లో ఎర్రపోటు, రెడ్ టైడ్ అంటారే, అది నెలల తరబడి ఉండి ఉన్నవాటిని కూడా చంపింది. అదంతా మానుకుందా?

మామ: మొత్తం మానలేదు. మరి మీ మన్నార్‌లో 2010లో, 2016లో వేడికి పగడాలు తెల్లబడిపోలేదా? ఈ కాలంలో దెబ్బ తినని సముద్రం నువ్వు చూపించు, వస్తా.

మేనకోడలు: మే నెలే నీ పట్టు అయితే కో తావ్ పోతా. థాయ్‌లాండ్ గల్ఫ్‌లో మార్చి నుంచి సెప్టెంబరు దాకా బాగుంటుంది. నేర్చుకునేవాళ్లతోనే నిండిపోయే దీవి అది. అక్కడ కూడా ఓడ ముంచారు, 2011లో, సత్తకుత్ అని.

మామ: దీవి నిండా నేర్చుకునేవాళ్లే అయితే చేపల కన్నా కాళ్లు ఎక్కువ కనబడతాయి. ఇంకేం, గుజరాత్‌లోని కచ్ సింధుశాఖ కూడా అంటావా?

మేనకోడలు: కచ్ అనను. అక్కడ ఆటుపోట్లు మరీ పెద్దవి, నీళ్లు ఎప్పుడూ మురికే. నరారాలో పోటు తీశాక నడిచి వెళ్లి పగడాలు చూడొచ్చు, డైవింగ్‌కు కాదు.

మామ: చూడు, నీ నోటితోనే అన్నావు. చూడటం వేరు, డైవింగ్ వేరు. మన్నార్ దీవుల చుట్టూ పగడాలు ఎంత లోతులో ఉంటాయి?

మేనకోడలు: చాలావరకు మూడు మీటర్ల లోపే.

మామ: దానికి సిలిండర్ ఎందుకు తల్లీ? ముఖానికి మాస్కు, నోట్లో గొట్టం చాలవా? పైగా నేర్చుకునే పిల్ల కాళ్లు అదుపులో ఉండవు. అంత తక్కువ లోతులో కాలికి తొడిగిన ఫిన్ను తగిలిందంటే పగడం విరిగిపోతుంది. పార్కు నీళ్లలో అటవీ శాఖ అనుమతి లేకుండా దిగరాదని నీకూ తెలుసు. వాళ్లను తప్పు పట్టను.

మేనకోడలు: నేను పగడాలొక్కటే అనలేదు. ముత్యపు చిప్పల కోసం రాయి కట్టుకుని ఊపిరి బిగబట్టి దిగినవాళ్ల సముద్రం అది. 1961 తర్వాత తూత్తుకుడిలో ముత్యాల వేట ఆగింది గానీ, శంఖాల కోసం దిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇప్పుడు పాక్ బేలో 448 చదరపు కిలోమీటర్ల మేర దుగాంగ్ అనే సముద్రపు ఆవుకు రిజర్వు పెట్టారు, 2022లో, దేశంలోనే మొదటిది.

మామ: దుగాంగ్ కనబడుతుందా?

మేనకోడలు: కనబడదు. ఉందని తెలిస్తే చాలు.

మామ: దానికి మీ అమ్మ డబ్బు కట్టాలా?

మేనకోడలు: మస్కట్‌కు ఎవరు కడతారు?

మామ: టికెట్టు నాది. కోర్సు మీ అమ్మది.

(ఇది నాతో చెప్పి అన్న మాట కాదు.)

మేనకోడలు: ఇన్నేండ్లు అక్కడుండి నువ్వు ఒక్కసారైనా దిగావా?

మామ: నాకు సైనస్, అందుకే దిగలేదు. ముక్కు దిబ్బడ ఉన్నవాళ్లు దిగరాదు. నీకు ఘాట్ రోడ్డులో కొండ దిగేటప్పుడే చెవులు మూసుకుపోతాయి. ఆ దిగుడంతటికీ పెరిగే ఒత్తిడి, నీళ్లలో ఒక్క మీటరు లోతుకు దిగితే వచ్చేదానికన్నా తక్కువే. 10 మీటర్లకు ఒత్తిడి రెట్టింపవుతుంది. ముక్కు మూసి మెల్లగా గాలి ఊది చెవులు తెరుచుకోవాలి, నొప్పి పుట్టాక కాదు, పుట్టకముందే. అది ఇక్కడి స్విమ్మింగ్ పూల్లోనే నేర్చుకో ముందు.

మేనకోడలు: ఒత్తిడి గురించి అంత తెలిసినవాడివి, ఇదీ చెప్పు. రోజుల తరబడి డైవింగ్ చేసినవాళ్లు చివరి మునక తర్వాత 18 గంటలు విమానం ఎక్కరాదు, పైన ఒత్తిడి తగ్గి ఒంట్లో చేరిన నైట్రోజన్ బుడగలు కడుతుందని. రామేశ్వరం అయితే ఆ బాధ లేదు, రైలెక్కి పడుకోవడమే.

మామ: రైలు దిగి తిన్నగా తిరుమల ఎక్కుతారు మీరు, మొక్కు ఉంది కదా. కొండ 800 మీటర్లకు పైనే. ఎత్తుకు పోవడమంటే విమానమొక్కటే కాదు, అక్కడా లెక్క చూసుకోవాలి.

మేనకోడలు: రాత్రంతా రైల్లోనే పోతుంది. తెల్లారి ఇంటికొచ్చి, తలస్నానం చేసి, దర్శనం టికెట్టు సాయంత్రానికి పెట్టుకుంటే సరిపోతుంది.

మామ: మస్కట్‌లో చివరి రోజు నీళ్లలో దిగకుండా ఉన్నా సరిపోతుంది. ఆ రోజు మత్రా సూక్‌కు పోయి మీ అమ్మకు సాంబ్రాణి కొనుక్కురా.

మేనకోడలు: సాంబ్రాణి డబ్బు కూడా అమ్మదేనా?

(అక్కడితో నేను లేచి మాస్కు, గొట్టం ధర ఎంతని అడిగాను. ఈ మేకు మస్కట్, వచ్చే ఫిబ్రవరిలో నాలుగు రోజులు సెలవు పెట్టుకుని మాస్కుతో రామేశ్వరం అని పిల్ల అంది. తమ్ముడు ఒప్పుకోలేదు, ఫిబ్రవరి కాదు మార్చి అంటాడు.)