మీ విద్యుత్తు అందినది

గత నెల మూడో వారంలో మా ల్యాప్‌టాప్ ప్రభుత్వోద్యోగంలో చేరింది. పోటీ పరీక్ష రాయలేదు, నియామక పత్రం రాలేదు. తెర మూలనున్న బ్యాటరీ బొమ్మ మీద నొక్కితే ‘ప్లగ్ పెట్టి ఉంది, ఛార్జింగ్ కావడం లేదు’ అన్న వాక్యం కనిపించింది, అంతే. ‘మీ దరఖాస్తు అందినది, పరిశీలనలో ఉన్నది’ అన్న జవాబు కోసం పదేళ్ళు కార్యాలయాల చుట్టూ తిరిగినవాణ్ణి కనుక ఆ శైలిని వెంటనే గుర్తుపట్టాను. మీరిచ్చినది అందింది. దానితో ఏమీ చేయలేదు. ఎందుకని అడగకండి.

ఈ వాక్యంలోని పరిపాలనా దక్షతను ముందుగా మెచ్చుకోవాలి. ఛార్జింగ్ ఆగడానికి అరడజను కారణాలుండవచ్చు. ఆపింది తానే కాబట్టి అందులో ఏదో ల్యాప్‌టాప్‌కు తెలిసే ఉంటుంది. అయినా అన్నింటికీ కలిపి ఒకే రబ్బరు స్టాంపు చేయించి పెట్టుకుంది.

మా బావమరిది రాగానే “స్విచ్ వేశారా బావగారూ?” అన్నాడు. గోడలో కరెంటే లేకపోతే అది ‘ప్లగ్ పెట్టి ఉంది’ అని ఎందుకు ఒప్పుకుంటుందని నేను తర్కించాను. తర్కం బావమరుదుల దగ్గర చెల్లదు. హాల్లో, పడకగదిలో, చివరికి వంటింట్లో మిక్సీ పక్కనున్న ప్లగ్గులో కూడా పెట్టి చూశాం. ప్రతి గదిలోనూ అదే జవాబు. కార్యాలయం మార్చినంత మాత్రాన ఫైలు కదులుతుందా!

“అలిగిందేమో నాయనా” అన్నారు మా అత్తగారు. విస్తరి ముందు కూర్చుని ముద్ద ఎత్తని కొత్త అల్లుణ్ణి ఆవిడ చూసి ఉన్నారు. ఆ అల్లుడు నేనే కావడంతో చర్చను పొడిగించలేదు.

తర్వాత అడాప్టర్ మీద విచారణ జరిగింది. కొన్ని కంపెనీల అడాప్టర్ కొసన, మధ్యలో సూదిలాంటి సన్నటి పిన్ను ఉంటుంది. అది కరెంటు మోయడానికి కాదు, గుర్తింపు కార్డు చూపించడానికి. అడాప్టర్ లోపలున్న చిన్న చిప్ ‘నేను 65 వాట్ల వాడిని, మన కంపెనీ వాడినే’ అని దాని ద్వారానే చెప్పుకుంటుంది. ఆ పిన్ను వంగినా విరిగినా, అడాప్టర్ చౌకరకం నకలైనా గుర్తింపు కుదరదు. అప్పుడు ల్యాప్‌టాప్ ఆ కరెంటుతో తన పని తాను చేసుకుంటుంది గానీ బ్యాటరీకి చుక్క కూడా పోయదు. బతికున్నానని ఏటా ధ్రువపత్రం ఇవ్వని పింఛనుదారుకు జరిగేదే ఇక్కడా జరుగుతుంది: మనిషి కళ్ళ ముందే ఉంటాడు, కాగితం ఉండదు. టైప్-సీ వాటిలో ఇంకో చిక్కుంది. చాలా ల్యాప్‌టాప్‌లు 20 వోల్టులు అడుగుతాయి, పాత ఫోను ఛార్జరు 5 వోల్టుల దగ్గరే చేతులెత్తేస్తుంది. మా పిన్ను నిటారుగా ఉంది, అడాప్టర్ పెట్టెలో వచ్చినదే. ఆరోపణలు రుజువు కాలేదు.

ఎండల వల్లనేమో అని ఒక మిత్రుడు అన్నాడు. ఇది తీసిపారేయవలసిన మాట కాదు. లిథియం అయాన్ బ్యాటరీలను సాధారణంగా సున్నా డిగ్రీలకు దిగువన, 45 డిగ్రీలకు ఎగువన ఛార్జ్ కానివ్వరు. మే నెలలో మన ఊళ్ళలో గాలే 45కు చేరుతుంది. అప్పుడు పరుపు మీద పెట్టి, కింద గాలి రంధ్రాలు మూసి సినిమా చూస్తే బ్యాటరీ ఒంటిపూట బడి ప్రకటించడంలో తప్పేముంది? అయితే ఆ మిత్రుడే చెప్పిన విరుగుడు మాత్రం బ్యాటరీ ఊడదీసి ఫ్రిజ్‌లో పెట్టమని. ఈ కాలపు బ్యాటరీ మరలు బిగించిన అట్ట కింద ఉంటుంది, పైగా గడ్డకట్టించి ఛార్జ్ చేస్తే పాడవుతుంది. జ్వరం తగ్గడానికి గుండె తీసి మంచులో పెట్టమనే వైద్యం ఇది.

అడాప్టర్ పీకి, పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కిపట్టమని ఇంకొకరు చెబితే, ముక్కు మూసుకుని మూడు ప్రదక్షిణలు చేయమన్నట్టుంది అని నవ్వాను. నవ్వకూడదట. ఛార్జింగ్ వ్యవహారం చూసే చిన్న చిప్ ఒకటి లోపల ఉంటుంది. మిగిలిన విద్యుత్తు కూడా ఖాళీ అయ్యాక అది మొద్దునిద్ర వదిలి కొత్తగా లేస్తుంది. చాలామందికి దీనితోనే పని జరిగిపోతుంది. మా చిప్ లేచింది, మళ్ళీ అదే వాక్యం అంది. పరికరాల జాబితాలోంచి బ్యాటరీని తొలగించి, మళ్ళీ మొదలుపెట్టి చూశాను. అంటే సస్పెండ్ చేసి అదే సీటులో పోస్టింగ్ ఇచ్చాను.

ఇక సర్వీసు రిజిస్టరు తెప్పించాను. విండోస్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ’ అనే ఆదేశంతో బ్యాటరీ నివేదిక అడిగితే దాచుకోకుండా ఇచ్చేస్తుంది. ఈ కథలో పారదర్శకంగా ఉన్న శాఖ ఇదొక్కటే. పుట్టినప్పటి సామర్థ్యం 45,000 మిల్లీవాట్ అవర్లు, ఇప్పుడు నిండితే 33,000. మూడేళ్ళలో నాలుగో వంతుకు పైగా కరిగింది. ఈ రకం బ్యాటరీకి దారి వేసినవారిలో ఒకరైన జాన్ గుడినఫ్ 2019లో, 97 ఏళ్ళ వయసులో, రసాయనశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు. ఆ వయసులోనూ ఆయన ప్రయోగశాలలో పనిచేశారు, ఆయన సరుకు మూడేళ్ళకే వీఆర్ఎస్ కాగితాలు సర్దుకుంటోంది. అయినా ముసలితనం వల్ల తక్కువ తింటారు గానీ అసలు తినడం మానరు కదా.

(ఒక్క మాట వ్యంగ్యం లేకుండా. టచ్‌ప్యాడ్ పైకి ఉబికినా, కింది అట్ట పొంగినా బ్యాటరీ ఉబ్బిందని అర్థం. ఛార్జ్ చేయకండి, నొక్కకండి, గుచ్చకండి. ఆపేసి, తెలిసినవారికి ఇవ్వండి.)

చివరికి సికింద్రాబాద్‌లో ఒక దుకాణానికి మోసుకెళ్ళాను. అక్కడి కుర్రవాడు మూత కూడా తెరవకుండా, నాడి పట్టిన వైద్యుడిలా అరచేయి ఆనించి “మదర్‌బోర్డ్ సార్, తొమ్మిది వేల ఐదు వందలు” అన్నాడు. సరుకు ఢిల్లీ నుంచి రావాలన్నాడు. ఆలోచించుకుంటానని చీటీ తీసుకుని ఇంటికొచ్చాను.

ఇంటర్ చదివే మా అమ్మాయి తెర వంక చూసి, “అది ఎప్పుడు చూసినా సరిగ్గా అరవై శాతం దగ్గరే ఎందుకు ఆగుతోంది నాన్నా?” అంది. ఇన్నాళ్ళ విచారణలో ఎవరూ అడగని ప్రశ్న అది. పాడైనది ఎక్కడైనా ఆగుతుంది. సరిగ్గా అరవై దగ్గర రోజూ ఆగేది పాడైనది కాదు, ఫస్ట్ క్లాసు వచ్చింది చాల్లే అని పుస్తకం మూసేసినది.

కంపెనీ వాళ్ళ అప్లికేషన్ తెరిస్తే దొరికింది. ఎప్పుడూ ప్లగ్గుకే తగిలించి ఉంచే బ్యాటరీ నిండుగా ఉంటే త్వరగా అరిగిపోతుంది. అందుకని 60 దగ్గరో 80 దగ్గరో ఆపే ఏర్పాటు ఒకటి ఉంటుంది. గత నెల ఏదో అప్‌డేట్ వచ్చిన రాత్రి అదే తనంతట తాను అమల్లోకి వచ్చింది. ఉత్తర్వు మంచిదే. ప్రజాప్రయోజనం కోసమే. ‘నీ మంచికోరి అరవై దగ్గర ఆపాను’ అన్న ఒక్క ముక్క తెర మీద రాసి ఉంటే నేను వంటింట్లో మిక్సీ పక్కన మోకాళ్ళ మీద కూర్చునేవాణ్ణి కాదు.

కోపంతో దాన్ని ఆపేశాను. రెండు గంటల్లో నూరు నిండింది. తర్వాత ఆలోచిస్తే, మా ల్యాప్‌టాప్ బల్ల దిగేది నెలకోసారి. సర్వీసు రిజిస్టరు కళ్ళ ముందు కదిలింది. మర్నాడు ఎవరూ చూడకుండా ఆ మీట మళ్ళీ నేనే నొక్కాను. ఇప్పుడు బల్ల మీద అదే వాక్యం వెలుగుతోంది, కింద సంతకం మాత్రం నాది.

నిన్న దుకాణం కుర్రవాడు ఫోను చేశాడు. “మదర్‌బోర్డ్ ఢిల్లీ నుంచి దించేశాం సార్, ఎప్పుడు తెస్తున్నారు?”

“మీ ఫోను అందింది,” అన్నాను. “పరిశీలిస్తాను.”