ఉన్నత స్థానం, వాహన యోగం

2024 ఏప్రిల్ 9న, ఉగాది రోజు సాయంత్రం, మా వీధి చివర రామాలయంలో పంచాంగ శ్రవణం జరిగింది. మా నాన్న ముందు వరసలో కూర్చున్నారు. ఆయన రాశి ఏమిటో ఇక్కడ చెప్పను. అదే రాశివాళ్ళు చదివితే అనవసరంగా కంగారుపడతారు.

"క్రోధి నామ సంవత్సరంలో తమరు ఉన్నత స్థానానికి చేరుకుంటారు. వాహన యోగం ఉంది. నూతన వస్త్రలాభం, ఆకస్మిక ధనప్రాప్తి. మధ్యలో కాస్త స్థానచలనం" అన్నారు పంతులుగారు. నాన్న పళ్ళెంలో వంద వేసి, ఓ క్షణం ఆలోచించి ఇంకో యాభై వేశారు.

ఇంటికొచ్చాక దీనిమీద పెద్ద చర్చే నడిచింది. నాన్న నీటిపారుదల శాఖలో ముప్పై రెండేళ్ళు గుమాస్తాగా చేసి, చేరిన కుర్చీలోంచే రిటైరైన మనిషి. సర్వీసులో ఉన్నప్పుడు రాని ఉన్నత స్థానం ఇప్పుడెక్కణ్ణుంచి ఊడిపడుతుందని అమ్మ అనుమానం. "పెన్షనర్ల సంఘానికి నిలబడమంటున్నార్లే" అన్నారు నాన్న, నిలబడమని ఎవరూ అనకపోయినా. వాహన యోగం అన్న మాటను మాత్రం మావాడు గట్టిగా పట్టుకున్నాడు. ఇంటర్ మొదటి సంవత్సరం గట్టెక్కితే బండి కొంటానని నేనెప్పుడో నోరు జారాను. మూడు రోజులకే ఫలితాలొచ్చాయి. లెక్కలు పోయాయి. లెక్కలతోపాటు బండి మాటా పోయింది.

మే 13న ఓట్లు. మర్నాడే అక్క గుంటూరునుంచి రెండు కిలోల కారం మోసుకొచ్చింది. వేలిమీద సిరాచుక్క ఆరకముందే అందరం మామిడికాయ ముక్కలు తుడవడానికి కూర్చున్నాం. ఆవకాయ విషయంలో మా అమ్మది ఒకటే సిద్ధాంతం: తడి తగలకూడదు. కాయ తుడవాలి, ముక్క తుడవాలి, తుడిచిన గుడ్డ మళ్ళీ ఎండలో వెయ్యాలి. గరిటెను పొయ్యి మీద వెచ్చజెయ్యాలి. తలంటుకుని జుట్టు ఆరనివాళ్ళు వంటింటి గడప తొక్కకూడదు. మా నాయనమ్మ నాటి జాడీ ఒకటుంది. ఖాళీగా ఎత్తితేనే నడుం పట్టేస్తుంది. అందులో ఆవకాయ పెట్టి, మూడో రోజు తిరగగలిపి, నువ్వులనూనె పైకి తేలాక మెడకు తెల్లగుడ్డ కట్టి అటకెక్కించింది. ఆ ఏడాదంతటిలోకీ మా ఇంట్లో అనుకున్నది అనుకున్నట్టు జరిగింది ఆ ఒక్కటే.

జూన్ మా బావది. "ఇంక అటువైపు రాజధానీ రాదు, గీజధానీ రాదు" అని మార్చిలోనే తుళ్ళూరు దగ్గరున్న రెండు వందల గజాల స్థలం అమ్మేసి, ఆ డబ్బుల్లో కొంత పెట్టి హాల్లోకి సోఫా కొన్నాడు. జూన్ 4న ఫలితాలొచ్చాయి, ఆ వెనకే స్థలాల రేట్లు లేచాయి. మూడు వారాలపాటు బావ ఎవరి ఫోనూ ఎత్తలేదు. ఇప్పటికీ ఆ సోఫా మీద ఎవరైనా ధబ్బున కూర్చుంటే, "కాస్త మెల్లిగా, అది రెండు వందల గజాలు" అంటాడు.

ఆగస్టు 31, శనివారం. రోజంతా వాన. మేముండేది బెజవాడ అజిత్‌సింగ్‌నగర్‌లో, కింద వాటా. "కృష్ణ ఎంత పొంగినా ఇక్కడికి రాదు. నేను ఆ శాఖలో చేశాను" అని నాన్న భరోసా ఇచ్చి పడుకున్నారు. ఆయన మాట అక్షరాలా నిజమైంది. కృష్ణ రాలేదు. బుడమేరు వాగు వచ్చింది.

ఆదివారం పొద్దున్న నేను కాఫీ గ్లాసు కింద పెడితే అది నెమ్మదిగా వీధిగుమ్మం దగ్గరికి బయల్దేరింది. చూస్తుండగానే నీళ్ళు చీలమండలు దాటి మోకాళ్ళ దాకా వచ్చాయి. పైనున్న ఓనరుగారు మెట్లమీంచి "వచ్చెయ్యండి, వచ్చెయ్యండి" అని కేకలు. ఉన్న పదిహేను నిమిషాల్లో ఎవరికి ఏది ముఖ్యమో అది పట్టుకుని పైకి పరుగెత్తారు. మా ఆవిడ పట్టుచీరల మూట తీసుకుంది. నేను టీవీ మోశాను. పైకి చేరాక కరెంటు లేదన్న సంగతి గుర్తొచ్చింది. నాన్న ముఖ్యమైన కాగితాల సంచీ అని ఒకటి గుండెలకు హత్తుకుని తెచ్చారు. విప్పితే 1994 నుంచి కట్టిన కరెంటు బిల్లులు ఉన్నాయి. పాలసీ కాగితాలున్న సంచీ కిందే ఉండిపోయింది. మావాడు తన ఫోనూ చార్జరూ తెచ్చుకున్నాడు. "లెక్కల పుస్తకాలు తేలేకపోయాను నాన్నా" అని ఎంత ప్రశాంతంగా చెప్పాడో!

అమ్మ మాత్రం జాడీతో వచ్చింది. వచ్చిందంటే అంత తేలిగ్గా రాలేదు. మోకాలి లోతు నీళ్ళలో జాడీని చంకనెత్తుకుని మెట్ల దగ్గర నిలబడి, "ఒరేయ్, అందుకో. చేతులు తుడుచుకుని అందుకో" అంది. నడుం దాకా తడిసినవాణ్ణి చేతులు దేనికి తుడుచుకోవాలో తెలియలేదు. చివరికి ఓనరుగారి ఆవిడ పైనుంచి పొడి తువ్వాలు విసిరింది.

డాబా మీద నాలుగు కుటుంబాలం చేరాం. అందులో పంతులుగారి కుటుంబం ఒకటి. నీళ్ళ ట్యాంకు పక్కన మడతకుర్చీలో కూర్చున్న నాన్న, తడిపంచెతో మెట్లెక్కి వస్తున్న ఆయన్ని చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పంతులుగారే గొంతు సర్దుకుని, "ఉన్నత స్థానమని మనవి చేశాను కదండీ" అన్నారు.

నవ్వుతూ రాస్తున్నాను గానీ, ఆ వారం మా చుట్టుపక్కల చాలా ఇళ్ళలో పోయినవి సామాన్లు కావు. మా ఇంట్లో మనుషులందరం మిగిలాం కాబట్టి నాకీ నవ్వు.

ఉన్నత స్థానంలో కూర్చున్న నాన్నకు ముప్పై రెండేళ్ళ సర్వీసు ఒక్కసారిగా గుర్తొచ్చింది. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్, అక్కణ్ణుంచి బుడమేరు నీళ్ళను కృష్ణలోకి పంపే డైవర్షన్ కాలువ, కృష్ణే పొంగి ఉంటే ఆ నీళ్ళు అందులో కలవలేకపోవడం, గట్టుకు గండ్లు పడటం, నీళ్ళు పాతదారి వెతుక్కుంటూ కొల్లేటి వైపు పోతూ దారిలో మనల్ని పలకరించడం - ఇదంతా ఓనరుగారి పిల్లాడి సుద్దముక్కతో డాబా గచ్చు మీద బొమ్మ గీసి చెప్పారు. అందరికీ ఆకలిగా ఉంది. వాన మళ్ళీ మొదలై బొమ్మ చెరిగిపోయింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులని, ఇంతవరకూ రాని వరదని తెలిసినప్పుడు ఆయన మొహంలో బాధతోపాటు, ఎంత దాచుకున్నా, కాస్త శాఖాభిమానం కనపడింది.

డ్రోన్లు వచ్చి పొట్లాలు దించాయి. ఓ పూట పులిహోర, ఓ పూట బ్రెడ్డు, పాల ప్యాకెట్లు. ఉత్త బ్రెడ్డు పెద్దవాళ్ళకు దిగలేదు. అప్పుడు అమ్మ జాడీ గుడ్డ విప్పింది. నాలుగు కుటుంబాలవాళ్ళం వరసగా కూర్చుని బ్రెడ్డు ముక్కల్లో ఆవకాయ పెట్టుకుని తిన్నాం. తిన్నామంటే, ముందు ఒక్కొక్కరూ చేతులు చాపాలి, అమ్మ ఆ తువ్వాలుతో తుడవాలి, తర్వాతే వడ్డన. చుట్టూ ఎటు చూసినా సముద్రంలా నీళ్ళు, మధ్యలో డాబా మీద మా అమ్మ, "తడి తగలనివ్వకండి, ఏడాదంతా ఉండాలి."

మూడో రోజు పడవొచ్చింది. ఫ్లైఓవర్ దాకా పడవలో, అక్కణ్ణుంచి బస్టాండు దాకా ఎవరో పుణ్యాత్ముడి ట్రాక్టర్లో వెళ్ళాం. పడవలో కూర్చోగానే మావాడు "తాతయ్యా, వాహన యోగం" అన్నాడు. ఫ్లైఓవర్ దిగి అవతలికి వెళితే అక్కడ మామూలు బెజవాడ. హోటళ్ళు తెరిచున్నాయి, జనం టిఫిన్లు తింటున్నారు. జాడీని ఒళ్ళో పెట్టుకుని ట్రాక్టర్లో పోతున్న అమ్మని అందరూ వింతగా చూశారు.

గుంటూరు బ్రాడీపేటలో అక్కావాళ్ళింట్లో పది రోజులున్నాం. స్థానచలనం. బావ నాన్నకు కొత్త లుంగీలు రెండు, బనీన్లు మూడు కొనిచ్చాడు. వస్త్రలాభం. రెండు వందల గజాల మీద నన్ను పడుకోమన్నాడు, అంతకన్నా మర్యాద ఏముంటుంది? నాన్న పొద్దస్తమానం టీవీ ముందే. వరదకు కొట్టుకొచ్చిన పడవలు బ్యారేజీ గేట్లకు అడ్డంపడ్డాయి, పెద్ద పెద్ద క్రేన్లు తెచ్చినా కదలడం లేదు. "అలా కాదయ్యా, ముందు తిప్పాలి, తిప్పి లాగాలి" అని టీవీకి సలహాలిచ్చేవారు.

ఆ అనుభవం ఇంటికొచ్చాక పనికొచ్చింది. నీళ్ళు తీశాక ఇంటికి వెళ్ళేసరికి, ఫైరింజన్ వాళ్ళు వీధిలో బురద కడుగుతున్నారు. తలుపు తోస్తే సగమే తెరుచుకుంది. లోపల మంచం గోడకు ఆనించి నిలబడి ఉంది. గ్యాస్ సిలిండర్ హాల్లోకి వచ్చి టీవీ స్టాండు పక్కన ఆగింది. ఫ్రిజ్ మాత్రం నీళ్ళలో తేలి, వంటింట్లోంచి బయటికి రాబోయి, నీళ్ళు తగ్గేసరికి గుమ్మానికి అడ్డంగా వెల్లకిలా ఇరుక్కుపోయింది. నేనూ మావాడూ ఓనరుగారబ్బాయీ లాగాం. కదల్లేదు. అవతలినుంచి తోద్దామంటే వంటింట్లోకి వెళ్ళే దారే అది.

"ముందు తిప్పాలి" అన్నారు నాన్న.

తిప్పాం. తిప్పడంలో తలుపు తెరుచుకుంది. ఆదివారం దోసెలకని శనివారం రాత్రి అమ్మ రుబ్బి పెట్టిన పిండి, పన్నెండు రోజులు పులిసి, గిన్నె మూత తోసుకుని బయటికొచ్చింది. ఆ వాసన గురించి రాయను. మురుగు బురద వాసనకు అప్పటికి వారంగా అలవాటు పడిపోయిన ఓనరుగారబ్బాయి కూడా ముక్కు మూసుకుని వీధిలోకి పరుగెత్తాడు. వింతేమిటంటే తలుపు అరలో ఆరు గుడ్లున్నాయి. ఒక్కటీ పగల్లేదు. బ్యారేజీ దగ్గర పడవల్ని బయటికి తియ్యడానికి ఇంకా రోజులు పట్టింది గానీ, మా ఫ్రిజ్ ఆ సాయంత్రానికే బయటికొచ్చింది. గుమ్మం చెక్క ఓ వైపు కొయ్యాల్సొచ్చింది.

తర్వాత నష్టం రాసుకోవడానికి ఓ అమ్మాయి వచ్చింది. కింద ఇళ్ళకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు. ఇల్లు ఆరేదాకా మేం ఓనరుగారి ముందుగదిలో పడుకుంటున్నాం. నాన్న పైనుంచి దిగి వస్తుంటే చూసి, "మీరు పైనే కదండీ ఉండేది?" అని ఫోన్లో నొక్కబోయింది. జీవితంలో మొదటిసారి నాన్న ఉన్నత స్థానాన్ని వద్దన్నారు. "లేదమ్మా, కిందివాళ్ళం. ఎప్పుడూ కిందివాళ్ళమే" అని చెప్పి, గోడమీద నీటిచారిక, కోసిన గుమ్మం, ఎండలో పెట్టిన ఫ్రిజ్, అన్నీ చూపించారు. ధనప్రాప్తి సవ్యంగానే జరిగింది. దానికి ఇంకో ఏడు వేలు కలిపి కొత్త ఫ్రిజ్ కొన్నాం.

అసలు దెబ్బ అక్టోబరులో తగిలింది. దసరా వెళ్ళాక ఓ రోజు అమ్మ జాడీ మూత తీసి చూస్తే లోపల తెల్లగా బూజు! విచారణ మొదలైంది. చివరికి అక్క ఫోన్లో బయటపెట్టింది. గుంటూరులో ఉండగా ఓ రాత్రి బావ ఆకలేసి లేచి, సింకులో కడిగిన చెంచా కడిగినట్టే జాడీలో ముంచాడట. పదకొండు లక్షల క్యూసెక్కులు చెయ్యలేని పని ఓ తడి చెంచా చేసింది. అమ్మ వారం రోజులు బావతో మాట్లాడలేదు. ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చినప్పుడు ఎవర్నీ ఒక్క మాటనని మనిషి!

ఇక వరద పోయిందనుకుంటే డిసెంబరు 4 పొద్దున్న ఏడున్నర కావస్తుండగా స్టాండు మీద గిన్నెలు గలగలమన్నాయి. భూకంపం. ములుగు వైపు వచ్చిందట, 5.3 తీవ్రత. భూకంపమొస్తే బయటికి పరుగెత్తాలని అందరికీ తెలుసు. సెప్టెంబరు అలవాటు కొద్దీ మేం మాత్రం డాబా మీదికి పరుగెత్తాం. అప్పటికే ఓనరుగారి కుటుంబం కిందికి దూకుతోంది. మెట్ల మలుపులో రెండు కుటుంబాలూ ఎదురెదురుగా ఆగాం.

"ఎక్కడికండీ?" అన్నారాయన.

"పైకి" అన్నారు నాన్న, చంకలో కరెంటు బిల్లుల సంచీతో. వెనక అమ్మ, రెండు చేతులా ఖాళీ జాడీ పట్టుకుని.

2025 మార్చి 30న మళ్ళీ ఉగాది. విశ్వావసు. నాన్న అదే ముందు వరస. పంతులుగారు ఆయన్ని చూసి చిన్నగా నవ్వి పంచాంగం తెరిచారు. ఇంటికొచ్చి ఉగాది పచ్చడి తింటూ నాన్న మొదలుపెట్టారు: "ఈసారి కూడా బానే ఉందే. సంతాన సౌఖ్యం, బంధుసమాగమం, మళ్ళీ వాహన యోగం..."

వంటింటి గుమ్మం కోసిన వైపునుంచి అమ్మ తల బయటపెట్టింది.

"చక్రాలున్నదేనా, కనుక్కున్నారా?"